ఎవరూ ఆర్డరివ్వని పెట్టె

సర్వేయరు ఆఫీసు పళ్ళ డాక్టరు క్లినిక్కు పైన ఉంది. కింద మిషను గుయ్యిమన్నప్పుడల్లా పైన కూర్చున్నవాళ్ళు తెలియకుండానే దవడ పట్టుకుంటారు. వచ్చిన మనిషి తన కష్టానికి భయపడుతున్నాడో, ఆ చప్పుడుకి భయపడుతున్నాడో తేలడానికి పది నిమిషాలు పడుతుంది.

ఆయన ఇప్పుడు సర్వేయరు కాదు. ఇరవై ఆరేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున కాలిన గోడౌన్లూ మునిగిన లారీలూ చూసి, ఏది కాలింది, ఏది కాల్చారు అని తేల్చి రాసిచ్చిన మనిషి. ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నా పాత పేరే నిలిచిపోయింది. ఆ ఇరవై ఆరేళ్ళలో మనుషుల మీద నమ్మకం పోలేదు గానీ, ఓపిక మాత్రం అరిగిపోయింది. అదే కంపెనీలో టైపిస్టుగా చేసి ఆయనతోపాటే బయటికొచ్చినావిడ ఇప్పుడు ఆయనకు అసిస్టెంటు. ఆయన తెలివంటే ఆవిడకు అపారమైన గౌరవం. ఆ తెలివిగల మనిషి కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో చెప్పాల్సింది మాత్రం ఆవిడే.

సోమవారం పొద్దున పదింటికి వచ్చినావిడ నిజంగానే భయపడి వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. వేళ్ళ సందుల్లో ఎండిన జిగురు. ఒక్క ఉత్తరం తేవడానికి బొత్తాం పెట్టినంత బిగువుగా మూతపడే అట్టపెట్టె చేసుకొచ్చింది. అట్టపెట్టెల వర్క్‌షాపు తనదేనని, భర్త పోయాక ఎనిమిదేళ్ళుగా అత్తగారూ తానూ నడుపుతున్నామని చెప్పింది. తర్వాత చెప్పాల్సింది చెప్పలేక ఉత్తరం బల్ల మీద పెట్టింది.

సంగతి ఇది. మూడేళ్ళ కిందట వర్క్‌షాపులో మడత గీతలు వేసే మిషను పాడైంది. కొత్తది కొనడానికి అప్పు కావాలి. ఆస్తిపాస్తులు లేని చిన్న వర్క్‌షాపుకి అప్పు ఎవడిస్తాడు? అప్పుడో ఏజెంటు వచ్చి, ఇల్లూ పొలమే అక్కర్లేదు, మ్యూచువల్ ఫండ్ యూనిట్లున్నా తాకట్టు పెట్టుకుంటారని చెప్పాడు. ఆవిడకు లేవు. ఆవిడ అక్కకు ఉన్నాయి. అక్క ఇరవై ఎనిమిదేళ్ళు సైన్సు టీచరు. ప్రతి నెలా జీతంలోంచి కొంచెం కొంచెంగా కొనుక్కున్నవి. అమ్మితే మర్నాటికల్లా చేతికి డబ్బొచ్చే రకం. తాకట్టులో ఉన్నన్నాళ్ళు మాత్రం, యూనిట్లు అక్కవే అయినా, అప్పిచ్చినవాళ్ళు వదిలేదాకా అమ్ముకోవడానికి లేదు.

అక్క సంతకం పెట్టింది. వాటి మీద ఎనిమిది లక్షల లిమిట్ ఇచ్చారు. అంటే ఆ హద్దు దాకా తీసుకోవచ్చు, కట్టొచ్చు, మళ్ళీ తీసుకోవచ్చు. పెట్టెలావిడ తీసుకున్నదంతా కిందటేడాదే కట్టేసింది. తాకట్టు విడిపించబోతే, మళ్ళీ అవసరం పడొచ్చు ఉండనివ్వండి మేడమ్ అన్నాడు ఏజెంటు. ఉండనిచ్చింది.

రెండు వారాల కిందట బావగారు, అంటే అక్క భర్త, ఫోను చేశాడు. అక్కకు తుంటి ఆపరేషన్ నిశ్చయం చేశాననీ, యూనిట్లు అమ్మాలి కాబట్టి తాకట్టు విడిపించమనీ చెప్పాడు. దరఖాస్తు పెట్టారు. తొమ్మిది రోజుల కిందట జవాబొచ్చింది: లిమిట్ మీద ఆరు లక్షలు బాకీ ఉంది, మూడు నెలల కిందట తీసుకున్నారు, అది కడితేగానీ విడుదల కుదరదు.

"నేను తియ్యలేదండీ. బావగారు నేనే తీశానంటున్నారు. శుక్రవారం లోపు కట్టకపోతే పోలీసు కంప్లయింటు ఇస్తారట," అంది.

"అక్కగారు ఏమంటున్నారు?"

పెట్టెలావిడ ఖాళీ పెట్టె మూత వేసి, తీసి, మళ్ళీ వేసింది. "ఏమీ అనట్లేదు. తొమ్మిది రోజులైంది, నాతో మాట్లాడి."

కింద మిషను గుయ్యిమంది. ఆవిడ దవడ పట్టుకోలేదు. టైపిస్టు అది గమనించి, కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

మధ్యాహ్నం ముగ్గురూ అప్పిచ్చిన కంపెనీ ఆఫీసుకి వెళ్ళారు. గాజు పలక వెనక కూర్చున్న గుమస్తా, ఆ పలకకున్న చిన్న రంధ్రంలోంచి వచ్చిన ప్రతి ప్రశ్ననీ ముందు అనుమానించి తర్వాత జవాబు చెప్పాడు. కంప్యూటరులో అప్పు ఖాతాలోకి వెళ్ళాక ఫోనుకి ఆరంకెల ఓటీపీ వస్తుంది, అది కొడితేనే డబ్బు కదులుతుంది. ఓటీపీ వెళ్ళేది ఫారం మీద రాసిన నంబరుకి. ఆ నంబరు వర్క్‌షాపు బల్ల మీద ఉండే పాత బటన్ ఫోనుది. అక్క ఫోను ఆ రోజు రిపేరులో ఉందని అది రాయించారు, ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. లోపలికి వెళ్ళడానికి కస్టమర్ నంబరు చాలు. అది అప్పు ఇచ్చినప్పుడు ఇద్దరి ఇళ్ళకీ పంపిన కాగితం మీద ఉంటుంది.

"డబ్బు ఎవరి ఖాతాకైనా పంపొచ్చా?" అని సర్వేయరు అడిగాడు.

గుమస్తా మొదటిసారి తల పైకెత్తాడు. రెండే ఖాతాలు, ఒకటి వర్క్‌షాపుది, రెండోది ఆ యూనిట్లు ఏ ఖాతా నుంచి కొన్నారో అది; ప్రధానమంత్రి వచ్చి అడిగినా మూడో ఖాతాకి వెళ్ళదన్నాడు. ఉత్తరంలో ఖాతా నంబరు చివరి నాలుగంకెలు 3318 అని ఉంది. వర్క్‌షాపు ఖాతా అది కాదు. మరి రెండోదేనా అంటే, ఖాతాదారు స్వయంగా వచ్చి అడిగితే చెప్తామని, రంధ్రానికి అడ్డంగా టోకెన్ల కట్ట పెట్టేశాడు.

పెట్టెలావిడ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. దొంగన్నవాడు ఖాతా కూడా మార్చేసి ఉంటాడని ఆవిడ నమ్మకం. ఏజెంటు మీదే ఆవిడకు అనుమానం. బయటికొచ్చాక సర్వేయరు మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. ఆలోచించడానికని టైపిస్టు అనుకుంది. మోకాళ్ళు నొప్పని ఆయన చెప్పాడు.

సాయంత్రం సర్వేయరూ టైపిస్టూ అక్క ఇంటికి వెళ్ళారు. ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. సర్వేయరు పైకి చేరేసరికి తలుపు దగ్గర బావగారు నిలబడి, యాభై నాలుగు మెట్లండీ, రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగుతాను, అందుకే ఈ వయసులో నాకు బీపీ లేదు అన్నాడు. ఊపిరి తీసుకోవడంలో ఉన్న సర్వేయరు అభినందించలేకపోయాడు.

బావగారు క్రమం తెలిసిన మనిషి. పోలీసు కంప్లయింటు మూడు కాపీలు టైపు చేయించి, తారీకు చోటు మాత్రం ఖాళీగా ఉంచి, జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో ఉన్న ఖాతాలన్నీ ఒక రిజిస్టరులో రాసి ఉంచాడు. గుర్తింపు కార్డులూ, పాసుబుక్కులూ బీరువాలో, తాళం ఆయన దగ్గర. నాలుగు ఖాతాలున్నాయి. ఒక్కటీ 3318తో ముగియలేదు.

"మేడమ్‌గారి స్కూలు జీతం పడే ఖాతా?" అని సర్వేయరు అడిగాడు.

"రిటైరైన నెలలోనే మూసేశాం," అన్నాడు బావగారు. "మూసేయమని చెప్పాను. వెళ్ళొచ్చింది."

కిటికీ పక్కన కూర్చున్న అక్క చేతిలో లైబ్రరీ పుస్తకం ఉంది. పక్కన చేతికర్ర. భర్త మాట్లాడినంతసేపూ, క్లాసు చివర్న కూర్చున్న పిల్లాడి పాఠం వింటున్నట్టు ఓపిగ్గా విన్నది. కిందికి ఎప్పుడైనా వెళ్తారా అని టైపిస్టు అడిగితే, వారానికోసారి, మంగళవారం, వీధి చివర లైబ్రరీకి అని చెప్పింది. దిగడానికి పావుగంట, ఎక్కడానికి అరగంట. కింద ఎక్కడైనా ఇల్లు చూసుకోవచ్చుగా అని టైపిస్టు నోరు జారింది. కింద ఇళ్ళలో దుమ్మనీ, దోమలనీ, దొంగలనీ బావగారు జవాబు చెప్పాడు. అడిగింది ఆయన్ని కాదు. అయినా ఆపరేషన్ అయ్యాక లేడిపిల్లలా ఎక్కుతుంది, ఆసుపత్రీ తారీకూ అన్నీ నేనే చూశాను అని కూడా అన్నాడు.

సర్వేయరు వెళ్ళబోతుండగా అక్క ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"దీనివల్ల దాని వర్క్‌షాపు మూతపడుతుందా?"

మూతపడకపోవచ్చు, కానీ పోలీసు కేసు పడితే అరువిచ్చే అట్టల వ్యాపారి ఇవ్వడం మానేస్తాడు, తర్వాత అదే మూతపడుతుంది అని సర్వేయరు చెప్పాడు. అక్క పుస్తకంలో వేలు పెట్టి, తల పంకించింది.

మెట్లు దిగుతూ టైపిస్టు తన నోట్సు చదివి వినిపించింది. బావగారి మాటలు నాలుగు పేజీలు, అక్క మాటలు నాలుగు లైన్లు. "ఆవిడ్ని చూస్తే పాపం అనిపిస్తుంది సర్," అంది.

"ఆవిడ ఏం అడగలేదో రాసుకున్నారా?"

అడగనివి రాసుకునే అలవాటు టైపిస్టుకి లేదు. యాభై నాలుగు మెట్లూ అయ్యేదాకా ఆలోచించినా తట్టలేదు. ఆయనకు తట్టింది తనకు తట్టకపోవడం ఎప్పటిలాగే ఆవిడకు గర్వంగానే అనిపించింది.

బుధవారం వర్క్‌షాపు. పొడుగాటి రేకుల షెడ్డు. ఒక పక్క అట్టల దొంతరలు, మధ్యలో మడత మిషను, దాని పక్కన కోత బల్ల. మిషను తిరుగుతుంటే నేల వణుకుతుంది, మాట వినపడదు. వాకిలి దగ్గర ఎత్తు కుర్చీలో, డెబ్భై ఏళ్ళ అత్తగారు. ఆవిడ ముందు బల్ల మీద రెండు ఫోన్లు: ఒకటి తీగ ఫోను, రెండోది బటన్ ఫోను. ఎదురుగా గోడ మీద నల్లబోర్డు.

ఇక్కడి పద్ధతి ఆవిడే వివరించింది. ఒకప్పుడు ఒక గడియారాల పార్టీ సైజు నోటిమాటగా చెబితే, మూడు వందల పెట్టెలు అంగుళం తక్కువ కోశారు. ఆ నష్టం తీరడానికి ఏడాది పట్టింది. ఆ రోజు నుంచీ ఒకటే రూలు. పార్టీ సైజు బటన్ ఫోనుకి మెసేజ్ పెట్టాలి, తీగ ఫోనులో మాట్లాడాలి. ఈవిడ మెసేజ్ తెరిచి అంకెలు గట్టిగా చదువుతుంది, పార్టీ అవునంటాడు. చదువుతుండగానే కోత మేస్త్రి బోర్డు మీద సుద్దతో రాసుకుని, ఆ సైజుకి ఒక శాంపిలు పెట్టె కోసేస్తాడు. పొడుగు, వెడల్పు, ఎత్తు, రెండేసి అంకెలు. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకు రావు, అంకెలు మాత్రం బాగా వచ్చు. చదివాక మెసేజ్ తుడిచేస్తుంది. ఆ ఫోనులో యాభై కంటే ఎక్కువ పట్టవు.

"పన్నెండేళ్ళలో ఒక్క అంకె తప్పు చదివుంటే నా పేరు మార్చండి," అందావిడ.

సర్వేయరు నమ్మానని చెప్పాడు. ఆయన గొంతులో ఎందుకో సంతోషం లేదు. మేస్త్రిని శాంపిళ్ళు చూపించమన్నాడు. ఏడాదివన్నీ పైఅరలో ఉన్నాయి. ప్రతి దాని మీదా తారీకు, కింద పార్టీ పేరు. ఒక గంట అవన్నీ దించి చూశాక ఒకటి పక్కన పెట్టాడు. ఏడు సెంటీమీటర్ల పొడుగు, అరవై నాలుగు వెడల్పు, తొంభై ఎత్తు. నిలబెడితే నిలబడదు, పడుకోబెడితే మూత తెరుచుకోదు.

ఇదెవరిదని మేస్త్రిని అడిగాడు. మేస్త్రికి అదంటే అప్పట్నించీ కోపం. ఎక్కడైనా పెద్ద కొలత ముందు చెప్తారు, వీడెవడో చివర చెప్పాడు. పైగా ఏడుకి ముందు సున్నా పెట్టాడు, పార్టీలు సున్నా ఎందుకు పెడతారు? పెద్దమ్మగారు చదివితే తిరుగు లేదు కాబట్టి కోసేశాను, వాడు మళ్ళీ రాలేదు, డబ్బూ ఇవ్వలేదు అని చెప్పుకొచ్చాడు. పెట్టె లోపలివైపు తారీకు ఉంది, పార్టీ పేరు లేదు. అది మూడు నెలల కిందటి మంగళవారం. ఉత్తరంలో ఆరు లక్షలు తీసిన రోజూ అదే.

టైపిస్టు పెన్సిల్ ఆగిపోయింది. ఆవిడ నోట్సులో 07-64-90 అని రాసి, దాని కిందే గీతలు లేకుండా 076490 అని రాసి, రెండింటినీ మార్చి మార్చి చూసింది.

సర్వేయరు అత్తగారి దగ్గర కూర్చుని, ఆ పార్టీ గుర్తుందా అని మెల్లగా అడిగాడు. బాగా గుర్తుంది. మర్యాద గల పార్టీ. ఇప్పుడే మెసేజ్ పెట్టాను చూడండి అన్నారు, చదివింది, సరిగ్గా ఉందన్నారు, బేరమాడలేదు. ఆడా మగా అంటే చెప్పలేదు. మిషను తిరుగుతుంటే తీగ ఫోనులో అందరి గొంతూ రేకు డబ్బాలో గులకరాళ్ళలాగే ఉంటుంది.

"పెట్టేసేముందు, మోకాలు ఎలా ఉంది, తగ్గిందా అని అడిగారు కూడా. ఈ రోజుల్లో ఏ పార్టీ అడుగుతాడు చెప్పండి?" అంది.

"మీ మోకాలికి ఏమైంది?"

అత్తగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. అంతకు ముందురోజు రాత్రి ఇంట్లో జారిపడింది. కోడలు పట్టు వేసింది. పెద్దావిడ పని అయిపోయిందని పనివాళ్ళు అనుకుంటారని, వాళ్ళు రాకముందే వచ్చి కుర్చీ ఎక్కి, వాళ్ళు వెళ్ళాకే దిగేది. మేస్త్రికి కూడా ఇప్పటికీ తెలియదు. మీరూ చెప్పకండి అంది.

సర్వేయరు చెప్పనన్నాడు. వర్క్‌షాపు బయటికొచ్చి, పెట్టెలావిడని ఒకే ప్రశ్న అడిగాడు. అత్తగారు పడిన రాత్రి ఆ సంగతి ఎవరికైనా చెప్పారా? కంగారులో ఒక్కరికే ఫోను చేశానందావిడ. ఆ ఒక్కరు ఎవరన్నది చెప్పాక, తాను చెప్పింది ఏమిటో తెలిసి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

గురువారం భోజనాల వేళ మిషను ఆపి, అందరినీ షెడ్డులోనే కూర్చోబెట్టారు. బావగారు అక్కని టాక్సీలో తీసుకొచ్చాడు. ఏజెంటు పిలవకుండానే వచ్చాడు, చేతిలో కొత్త లోన్ల ఫారాలు. అత్తగారు కుర్చీ దిగలేదు. పెట్టెలావిడ నిలబడే ఉంది.

సర్వేయరు మొదట పని అందరికీ తెలిసేలా చెప్పాడు. డబ్బు తీసిన మనిషి వేరేచోట కంప్యూటరు ముందు కూర్చుని ఆరు లక్షలు అడిగారు. ఓటీపీ ఇక్కడి బటన్ ఫోనుకొచ్చింది. ఆ మనిషి తీగ ఫోనుకి చేసి, సైజు పంపాను చదవమన్నారు. ఇక్కడి రూలు ప్రకారం గట్టిగా చదివారు. రూలు ప్రకారం మేస్త్రి పెట్టె కోశాడు. తాళంచెవి అరిచి చెప్పి, దాని సైజుకి పెట్టె కూడా చేసిపెట్టిన వర్క్‌షాపు తన సర్వీసులో ఇదొక్కటే అన్నాడు.

అత్తగారి మొహం మెల్లగా పాలిపోయింది.

"నేనా?" అందావిడ.

"మీరు చదివింది ఒక్క అంకె తప్పు లేదమ్మా," అన్నాడు సర్వేయరు. "అంకెల్ని ఎవరు పంపారో చూడాల్సిన పని మీకెవరూ చెప్పలేదు. తప్పు ఆ ఫోను నంబరు రాయించినవాళ్ళది."

ఏజెంటు ఫారాలు సర్దుకున్నాడు. ఆ రోజు ఫోనులో మాట్లాడింది ఇతనేనేమో అని బావగారు అన్నాడు. సర్వేయరు కాదన్నాడు. ఏజెంటుకి ఈ షెడ్డు తెలుసు, రూలు తెలుసు, కానీ మోకాలు తెలియదు. మేస్త్రికీ తెలియదు. అత్తగారు కోపంగా చూసింది, రహస్యం పోయింది. క్షమించండి అని ఆవిడకి చెప్పి, ముందుకెళ్ళాడు. మోకాలి సంగతి తెలిసిన ఇల్లు ఇది కాక ఒక్కటే. అది మూడో అంతస్తులో ఉంది.

బావగారు లేచి నిలబడ్డాడు. "అంటే నేనా? నా రిజిస్టరు చూశారు కదా మీరు."

"చూశాను. మీరు కాదు. తాకట్టు విడిపించమని అడిగిందే మీరు. ఖాళీ చేసిన పెట్టెని అందరి ముందూ తెరవమని ఎవరూ అడగరు. అసలు మీరు అడిగి ఉండకపోతే ఇది ఇంకో ఏడాది బయటపడేది కాదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "డబ్బు వెళ్ళగలిగిన ఖాతాలు రెండే. ఒకటి ఈ వర్క్‌షాపుది. రెండోది ఆ యూనిట్లు కొన్న ఖాతా. ఇరవై ఎనిమిదేళ్ళు కొన్నది జీతంలోంచి. మీరు దాన్ని మూసేయమని చెప్పారు. మూసేశారని రాసుకున్నారు. మూయడం మీరు చూశారా?"

బావగారు భార్య వైపు చూశాడు.

"సోమవారం నేను మీ ఇంటికొచ్చినప్పుడు, ఆరు లక్షలు పోయిన మనిషి ఆ డబ్బు ఏమైందని అడగలేదు. దొరికిందా అని కూడా అడగలేదు. చెల్లెలి వర్క్‌షాపు గురించి మాత్రం అడిగారు." సర్వేయరు అక్క వైపు తిరిగాడు. ఆయన గొంతులో గెలుపు లేదు. చివరి బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉన్నాడు. "మంగళవారం పదకొండింటికి, లైబ్రరీలో కంప్యూటరు ముందు. మిగిలింది నేను చెప్పమంటారా అమ్మా?"

"పదకొండున్నర," అంది అక్క. "మెట్లు దిగేసరికి ఆలస్యమైంది."

అక్క చేతికర్రని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, పాఠం చెప్పినట్టే చెప్పింది. నాలుగేళ్ళుగా కింద ఇల్లు కావాలని అడుగుతోంది. దుమ్మన్నారు, దోమలన్నారు. లైబ్రరీ వెనక సందులో నేలమట్టానికి రెండు గదులు అద్దెకున్నాయి, రెండేళ్ళది ముందే కడితేనే ఇస్తామన్నారు. అందరి ముందూ అడిగితే అందరూ వద్దంటారు. ఆ ఖాతా మూయడానికి వెళ్ళి, వరసలో నిలబడి, మూయకుండా తిరిగొచ్చింది. జీవితంలో భర్తకి చెప్పిన మొదటి అబద్ధం అదేనంది. పింఛనులోంచి నెలనెలా ఆ ఖాతాలోనే కూడబెట్టి, పద్నాలుగు నెలలకి బాకీ ఒకేసారి తీర్చేద్దామని లెక్క వేసుకుంది. తన యూనిట్లే కదా, ఎవరికీ తెలియకుండా తీసుకుని, ఎవరికీ తెలియకుండా కట్టేద్దామనుకుంది.

"అప్పు నా పేరు మీద ఉందక్కా," అంది పెట్టెలావిడ. ఆ మాట ఆవిడ గట్టిగా అనలేదు. "వాళ్ళు నన్ను అడుగుతారు. పన్నెండు రోజులు నన్ను దొంగన్నారు. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు."

"రోజూ చెప్దామనుకున్నాను. చెప్తే ఇల్లు సంగతి చెప్పాలి. ఇల్లు సంగతి చెప్తే ఆయన వెళ్ళి అడ్వాన్సు వెనక్కి తెచ్చేస్తారు." అక్క ఒళ్ళోని కర్ర తీసి నేల మీద ఆనించింది. "నీకంటే నాకు ఆ రెండు గదులే ఎక్కువయ్యాయి పన్నెండు రోజులు. అబద్ధం ఎందుకు."

తర్వాత అత్తగారి వైపు తిరిగి, మీతో అలా చదివించుకున్నందుకు మాత్రం నాకు నిద్ర పట్టలేదు అత్తయ్యగారూ అంది. అత్తగారు చాలాసేపు చూసింది. "మోకాలు నిజంగానే అడిగావా, నాటకానికి అడిగావా?" అంది.

"నిజంగానే అడిగాను. అదే నా కొంప ముంచింది."

అత్తగారు కుర్చీ మీద సర్దుకుని కూర్చుంది. ఆ సమాధానం ఆవిడకు సరిపోయినట్టే ఉంది.

బావగారు జేబులోంచి మూడు కాపీలూ తీశాడు. కాగితాలు చించే మనిషి కాదు. మడతలు సరిచేసి, ఏం చేయాలో తెలియక మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా రాస్తున్న రిజిస్టరులో ఒక ఖాతా లేకపోవడం ఆయన్ని ఆరు లక్షల కంటే ఎక్కువ దెబ్బ తీసిందని టైపిస్టుకి అనిపించింది. చివరికి ఆయన భార్యని అడిగాడు.

"ఆపరేషన్?"

"చేయించుకుంటాను. ఎప్పుడన్నది నేనూ డాక్టరూ మాట్లాడుకుంటాం."

"ఆ గదులు... నువ్వొక్కదానివేనా?"

"ఒక్కదాన్నే అయితే ఒక గది చాలేదండీ," అంది అక్క. "మీరు వస్తానంటే రండి. మెట్లు లేవు, మీ బీపీ సంగతి మీరే చూసుకోవాలి."

బావగారు కుర్చీలో కూర్చున్నాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. మేస్త్రి ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

పెట్టెలావిడ ఏజెంటు చేతిలోంచి ఒక తెల్లకాగితం లాక్కుని బల్ల మీద పెట్టింది. డబ్బు తీసింది తానేనని, బాకీ తన పింఛనులోంచే కడతానని, అది తీరిన రోజే తాకట్టు విడిపించమని అక్క రాసి సంతకం చేసింది. టీచరు చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. సర్వేయరూ టైపిస్టూ సాక్షి సంతకాలు పెట్టారు. ఫోను నంబరు మార్చే ఫారం కూడా ఉందని ఏజెంటు మెల్లగా అన్నాడు. అది పూర్తి చేసి అక్క ఈ మధ్యే తీసుకున్న తన సొంత నంబరు రాసింది. బావగారు తొంగి చూసి, ఆ నంబరు తన దగ్గర లేదని గమనించి, రాసుకోబోయి, ఆగి, రాసుకోవచ్చా అని అడిగాడు.

ఫీజు ఎంతని పెట్టెలావిడ సర్వేయరుని పక్కకి పిలిచి అడిగింది. ఆయన చెప్పింది విని టైపిస్టు నోట్సులో వేరే అంకె రాసుకుంది. ఆఫీసు అద్దె సంగతి ఆయనకు గుర్తుండదు. ఇలాంటి కేసుల్లో చివరికి ఎవరిది గెలుపు సర్ అని ఆవిడ దారిలో అడుగుదామనుకుంది. ఆయన మొహం చూసి మానేసింది.

టాక్సీ వచ్చింది. అక్క కర్ర ఆనించి లేచింది. వాకిలి దగ్గర షెడ్డు గడప జానెడు ఎత్తు, అవతల ఒక సిమెంటు దిగుడు. బావగారు ముందే వెళ్ళి టాక్సీ తలుపు తీసి నిలబడ్డాడు. అక్క గడప దగ్గర ఆగి, కిందికి చూసింది. ఎవరినీ పిలవలేదు.

పెట్టెలావిడ జిగురు చేతులు తుడుచుకుని వెళ్ళి, అక్క మోచేతి కింద చెయ్యి వేసింది. మొహం చూడలేదు.

"నీ మీద కోపం పోలేదు," అంది. "మెట్టు చూసుకో."